స్పిండిల్ పవర్ ఒక్కటే చూస్తే సరిపోదు

స్కూల్ వర్క్‌షాప్‌కు సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్క, లోహం కోసే యంత్రం) కొనేటప్పుడు స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే భాగం) పవర్, ముక్కను బిగించే టేబుల్ సైజు చూస్తే చాలన్నట్టు ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. చెక్క కోసే రౌటర్ మిషన్లలో స్పిండిల్ 24,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా తిరుగుతుంది. చెక్కకి అది బాగుంటుంది, తక్కువ లోతుతో కోస్తే అల్యూమినియానికీ పనికొస్తుంది. మైల్డ్ స్టీల్ (మామూలు మెత్తటి ఉక్కు) దగ్గరే అసలు చిక్కు. దాన్ని హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్ అంచు నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగంతో కోయాలి. అంటే 10 మిల్లీమీటర్ల కట్టర్‌కి దాదాపు 950 ఆర్‌పీఎం. అంత నెమ్మదిగా తిప్పితే రౌటర్ స్పిండిల్‌లో టార్క్ (తిప్పే బలం) చాలదు, వేగం పెంచితే కట్టర్ అంచు మాడిపోతుంది. ఇంకా గట్టిదైన కార్బైడ్ కట్టర్ వేస్తే వేగం పెంచుకోవచ్చు గానీ, ఫ్రేమ్ ఊగితే అది పుటుక్కున విరుగుతుంది. అందుకే స్టీల్ కోయాలనుకుంటే ఊగని పోత ఇనుము బాడీ ఉన్న చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మిషనే మేలు, టేబుల్ చిన్నదైనా సరే. పిల్లలు చేసేవి ఎలాగూ అరచేతిలో పట్టే ముక్కలే కదా!

ఆ వ్యాసంలో ప్లాస్మా కట్టర్ (విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించి కోసేది) ఊసు కూడా ఎత్తారు. రేకులు కోయడానికి మంచిదే, పొగ బయటికి లాగే ఏర్పాటు లేకపోతే మాత్రం వద్దు.

తలుపు తీస్తే స్పిండిల్ ఆగిపోయే ఇంటర్‌లాక్, చేతికందే ఎమర్జెన్సీ స్టాప్ లేని మిషన్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి. ఇంకోటి, ముక్కను బిగించే వైస్, క్లాంపులు, కట్టర్లు, డిజైన్‌ను మిషన్ ఆదేశాలుగా మార్చే క్యామ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు చాలాసార్లు మిషన్ ధరలో కలిసి ఉండవు. ఉన్న డబ్బంతా మిషన్‌కే పెట్టేస్తే అది మూలన పడి ఉంటుంది. మిషన్‌కు సింగిల్ ఫేజ్ కరెంటు చాలా, త్రీ ఫేజ్ కావాలా అన్నది ఆర్డర్ ఇచ్చేముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకోండి.