సీఎస్ఆర్ డబ్బు ముందు ఫ్యాక్టరీ పక్క ఊరికే రావాలి

ఫార్మా ఫ్యాక్టరీలకి ఆనుకుని ఉన్న చాలా ఊళ్లలో పంచాయతీ ఆఫీసు పక్కన ఒక ఆర్వో ప్లాంట్ గది కనిపిస్తుంది. గోడ మీద కంపెనీ పేరు, ఓపెనింగ్ డేట్, వచ్చిన పెద్దల పేర్లు అన్నీ ఉంటాయి, షటర్‌కి మాత్రం తాళం ఉంటుంది. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ప్లాంట్ పెట్టడానికి డబ్బులిచ్చిన కంపెనీ, నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పాడైతే మార్చేదెవరు, కరెంటు బిల్లు కట్టేదెవరు అన్నది తేల్చలేదు, పంచాయతీ దగ్గర పైసల్లేవు, అందుకే బోరు నీళ్లు రంగు మారిన ఆ ఊళ్లో జనం మళ్లీ ఇరవై లీటర్ల క్యాన్లు కొనుక్కుంటున్నారు. కానీ కంపెనీ యాన్యువల్ రిపోర్టులో మాత్రం అది పూర్తయిన పనే.

ఇందులో కంపెనీల తప్పుతో పాటు పాలసీ తప్పు కూడా ఉందని మేం గట్టిగా నమ్ముతున్నాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ మంచి చట్టమే, అందులో డౌట్ లేదు. 500 కోట్ల నెట్‌వర్త్ గానీ 1000 కోట్ల టర్నోవర్ గానీ 5 కోట్ల లాభం గానీ ఉన్న ప్రతి కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని 2014 ఏప్రిల్ నుంచి రూల్ వచ్చింది, దాంతో మొదటి ఏడాది 10 వేల కోట్ల దగ్గరున్న ఖర్చు 2022-23 నాటికి దాదాపు 30 వేల కోట్లకి చేరింది. దయతో ఇస్తే ఇంత వచ్చేది కాదు, చట్టం అడిగింది కాబట్టే వచ్చింది. మరి ఎంత ఇవ్వాలో అంత కచ్చితంగా చెప్పిన చట్టం ఎవరికివ్వాలో ఎందుకు చెప్పలేకపోయింది?

చెప్పినట్టే చెప్పి వదిలేసింది. కంపెనీ పనిచేసే చోటుకి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉంది, కానీ అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదని కార్పొరేట్ వ్యవహారాల శాఖే 2021 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చేసింది. దాంతో డబ్బు ఎక్కడికి పోవాలన్నది హెడ్డాఫీసు బోర్డు రూమ్‌లో తేలుతోంది, పెద్ద కంపెనీల ఆఫీసులున్న మహారాష్ట్రే ఏటా టాప్‌లో ఉంటోంది, వేల కోట్లు 'పాన్ ఇండియా' (దేశమంతటికీ) అనే ఖాతాలో పడుతున్నాయి, అది ఏ జిల్లాకి చేరిందో మామూలు మనిషి తెలుసుకునే దారే లేదు.

ఇంకో అన్యాయం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2021 జనవరిలో వచ్చిన సవరణ ప్రకారం ఖర్చు పెట్టకుండా మిగిలిన సొమ్ము, నడుస్తున్న ప్రాజెక్టుది కాకపోతే, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోగా ప్రధాని సహాయ నిధి లాంటి కేంద్ర ఫండ్లకి జమ చేయాలి. అంటే పక్క ఊరికి కంపెనీ ఏమీ చేయకపోతే ఆ ఊరి డబ్బు ఢిల్లీకి పోతుందన్నమాట! కరోనా టైంలోనూ పీఎం కేర్స్‌కి ఇస్తే సీఎస్ఆర్ అన్నారు, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే కాదన్నారు. ఇది రాష్ట్రాలకీ ఊళ్లకీ జరిగిన అన్యాయం కాకపోతే ఇంకేంటి.

ఎలా చేయాలో ప్రభుత్వానికి తెలియక కాదు. 2015లో గనుల చట్టం మార్చి జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టారు, పాత లీజులవాళ్లు రాయల్టీకి అదనంగా దాంట్లో 30 శాతం, వేలంలో లీజు తెచ్చుకున్నవాళ్లు 10 శాతం కట్టాలి, ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన ఏరియాకే వాడాలి, షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల్లో అయితే గ్రామసభ ఒప్పుకోవాలి. అమలులో లోపాలు బోలెడు ఉన్నాయి, అయినా దెబ్బ తిన్నవాళ్లకే ముందు హక్కు అన్న సూత్రం చట్టంలోకి ఎక్కింది. గని పక్క ఊరికి ఉన్న ఆ హక్కు ఫార్మా, కెమికల్ ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు, పరవాడ, పైడిభీమవరం చుట్టుపక్కల ఊళ్లకి ఎందుకు ఉండకూడదు?

రెండు వేర్వేరు బాధ్యతల్ని మాత్రం ఎవరూ కలిపేయకూడదు. వ్యర్థ జలాలు శుద్ధి చేయడం, సేఫ్టీ చూసుకోవడం సీఎస్ఆర్ కాదు, వేరే చట్టాల కింద చేసి తీరాల్సిన పనుల్ని ఈ లెక్కలో చూపించొద్దని రూల్సే చెప్తున్నాయి. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా పోయారు. స్కూలుకి బెంచీలు ఇచ్చారని ఇన్‌స్పెక్షన్లలో చూసీచూడనట్టు వదిలేస్తే ఆ పాపం ప్రభుత్వానిదే.

మరి ఫ్యాక్టరీలు పెద్దగా లేని అల్లూరి లాంటి జిల్లాల సంగతేంటి అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. అందుకే మొత్తం అక్కడే పెట్టమని మేం అనట్లేదు. ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ సీఎస్ఆర్‌లో కనీసం సగం ఆ జిల్లాకే పెట్టాలి, ఫ్యాక్టరీలు లేని బ్యాంకులు, ఐటీ కంపెనీల డబ్బులో పెద్ద వాటా వెనకబడిన జిల్లాలకి మళ్లించాలి. మిగిలిపోయిన సొమ్ము కలెక్టర్ దగ్గర జిల్లా నిధికి పోవాలి, పనులేంటో గ్రామసభ తేల్చాలి, కట్టిన ప్రతిదానికీ ఐదేళ్ల మెయింటెనెన్స్ ఖర్చు కూడా కంపెనీయే పెట్టాలి, ఆ లెక్క ఊరి పేరుతో సహా తెలుగులో పంచాయతీ బోర్డు మీద అంటించాలి. వీటిలో చాలావరకు కేంద్రం చట్టం మార్చాల్సినవే, అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలు పక్కన పెట్టి వచ్చే సమావేశాల్లోనే ఈ సవరణ అడగాలని కోరుతున్నాం.