ఇంటి పెద్దకి 1001 ఏమిటి?

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం గంట పని. అందులో ఇంటిల్లిపాదికీ తలో అకౌంటు పెట్టడం మాత్రం ఆస్తి పంపకాలకన్నా సున్నితమైన వ్యవహారమనీ, నలుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టకుండా ఎవరూ ఆ పనికి దిగకూడదనీ నా దృఢమైన అభిప్రాయం. పడ్డవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది. పదకొండుకి మా పాత లాప్‌టాప్ చాలదు. పెన్‌డ్రైవ్‌లో ఎప్పటిదో ఉబుంటు 22.04 (విండోస్‌కి బదులు వాడుకునే లైనక్స్‌లో ఒక రకం) ఉంటే అదే ఎక్కించాను. ఎక్కేటప్పుడే ఒక పేరు అడుగుతుంది, నా పేరు కొట్టాను. తప్పు అక్కడే జరిగిపోయింది. మొదట పేరిచ్చినవాడికి 1000 నంబరు, దాంతో పాటు సుడో అనే సర్వాధికారం. తర్వాత వచ్చేవాళ్లంతా 1001, 1002 అని వరసలో నిలబడాల్సిందే, చేతిలో ఏ అధికారమూ లేకుండా. ఇన్‌స్టాలర్ పేరడిగే ముందు "ఇంట్లో పెద్దవారెవరు?" అని ఒక్క ముక్క అడిగితే దాని సొమ్మేం పోయింది?

నాన్న రెవెన్యూలో ముప్ఫై రెండేళ్లు చేసి రిటైరయ్యారు. సీనియారిటీ లిస్టు అంటే ప్రాణం. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో, కొత్త అకౌంటు పెట్టే యాడ్‌యూజర్ ఆదేశం ఆయన పేరుతో కొట్టగానే తెర మీద 1001 అని పడింది.

"నీకెంతరా?"

"వెయ్యి."

"ఓహో."

ఆ ఓహోకి అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. వంటింట్లోంచి అమ్మ, "శుభమా అని మొదలుపెడుతూ ఆ లెక్కేంట్రా, వెయ్యినూటపదహార్లు ఇవ్వలేకపోయావా?" అంది. ఆవిడ సరదాకే అంది గానీ, నంబరు మనమే చెప్పే వీలు నిజంగానే ఉంది. చెరిపేసి 1116తో మళ్లీ పెట్టాను. చదివింపులు రాయించుకున్నంత తృప్తిగా నాన్న కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ పడదు, కనీసం చుక్కలు కూడా. "కీబోర్డు పోయింది" అని తేల్చేశారు. రెండుసార్లూ ఒకేలా పడేసరికి కాఫీ చల్లారిపోయింది. ఆ తర్వాత పూర్తి పేరు, గది నంబరు, ఆఫీసు ఫోను, ఇంటి ఫోను అడిగింది. ఎవరి గది వాళ్లకుండే ఆఫీసుల్లో, లైనక్స్‌కి మాతృకలాంటి యూనిక్స్ నడిచిన కాలం నాటి ఆనవాయితీ అది. మాది రెండు గదులూ ఒక హాలూ, నాన్న పడక హాల్లో. హాలుకి నంబరెంతని రాయను? ఖాళీగా వదిలేసి ఎంటర్ కొట్టొచ్చని చెప్పినా, దరఖాస్తులో గడి ఖాళీగా ఉంచడం ఆయన జన్మలో చేయలేదు. ఆఫీసు ఫోను దగ్గర పదేళ్ల కిందట వదిలేసిన సీటు ల్యాండ్‌లైన్ నంబరు గడగడా చెప్పి రాయించారు.

మర్నాడు చదరంగం ఆట ఎక్కించుకోబోతే సిస్టమ్ ఒప్పుకోలేదు. మీరు సుడో జాబితాలో లేరు, ఈ సంఘటన రిపోర్టు చేయబడుతుంది, అని ఇంగ్లీషులో హెచ్చరించింది.

"ఎవరికి రిపోర్టు?"

పైన రూట్ అని ఒకాయన ఉంటాడనీ, ఆయన నంబరు సున్నా అనీ, ఉబుంటులో మామూలుగా ఆ అకౌంటుకి తాళం వేసి ఉంటుంది కాబట్టి ఆ పేరుతో ఎవరూ లాగిన్ కాలేరనీ, ఈ నేరం ఒక లాగ్ ఫైల్లో రాసి పడేస్తుందనీ చెప్పాను.

"అంటే రిజిస్టర్లో ఎంట్రీ పడుతుంది, సీట్లో ఆఫీసరు ఉండడు." మొదటిసారి ఆయనకి లైనక్స్ మీద గౌరవం కలిగింది.

ఇక ఒకరి ఫోల్డరు ఇంకొకరు చూడకుండా కట్టడి ఒకటి, 21.04 వెర్షన్ నుంచి ఉబుంటులో అదే పద్ధతి. పడగ్గది తలుపుకి కూడా గడియ పెట్టని ఇంట్లో దాన్ని పట్టించుకునేవాళ్లెవరు? లాప్‌టాప్ పొద్దున్నుంచి రాత్రిదాకా నా అకౌంటులోనే తెరిచి ఉంటుంది. అమ్మ సీరియళ్లు, చెల్లి అసైన్‌మెంట్లు, నాన్న చదరంగం అన్నీ అందులోనే. 1116లో నాన్న ఫోల్డర్లు తెరిచి చూస్తే ఒక్క ఫైలూ లేదు.

ఇదేమిటని అడిగితే కళ్లజోడు పైకి తోసుకుని, "పట్టాదారు నువ్వు, అనుభవదారులం మేము. అడంగల్‌లో అలాగే రాసుకో" అని గుర్రాన్ని జరిపారు.