బగదాత గారి పదవీ విరమణ

వేలానికి పెట్టిన ఒక వెండి నాణెం కింద చీటీ: “రాజు బగదాత, పాలనాకాలం క్రీ.పూ. 290–280.” సరిగ్గా పదేళ్లు. దక్షిణ ఇరాన్‌లోని ఫార్స్ ప్రాంతాన్ని ఏలిన, అగ్నిని కొలిచే ఈ జొరాస్ట్రియన్ పెద్దమనిషి సర్వీసు రిజిస్టరు ఇరాన్‌లో ఎవరికీ దొరకలేదు గానీ, నాణేల వ్యాపారుల బీరువాల్లో మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

అంత కచ్చితంగా దిగిపోయాడంటే వీడ్కోలు సభ కూడా జరిగే ఉంటుంది. ఫార్స్‌లోని ఇస్తఖ్ర్ నగరంలో మార్చి 31 సాయంత్రం శాలువా కప్పారు. సారు అగ్నికి నమస్కరించి నాలుగు ముక్కలు మాట్లాడారు. గ్రాట్యుటీ ఫైలు పాత పారశీక దఫ్తరు భాష అరామిక్‌లో ఉందని, అలెగ్జాండర్ తర్వాత ఇరాన్‌ను ఏలిన గ్రీకు వంశం సెల్యూకిడ్ల ఖజానా వారు తిప్పి పంపారు, గ్రీకులో పెడితే గుమాస్తా సంతకం చేయనన్నాడు. చార్జి అప్పగించేటప్పుడు టంకశాల అచ్చులు లెక్కపెడితే ఒకటి తగ్గింది, ఆడిట్ అభ్యంతరం వచ్చింది. అచ్చు పగిలిపోయిందనీ, ఆ పగులు చివరి నాణేల మీద గీతలా కనబడుతూనే ఉందనీ సారు రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకున్నారు.

ఈ మొత్తం తంతులో పనికొచ్చేది ఆ వివరణ ఒక్కటే. కింది అచ్చును దాగలిలో బిగిస్తారు, పై అచ్చును చేత్తో పట్టుకుని సమ్మెటతో కొడతారు. దెబ్బలన్నీ నేరుగా తినేది పై అచ్చు కాబట్టి అదే ముందు పాడవుతుంది. అందుకే ఒకే కింది అచ్చుకు నాలుగైదు పై అచ్చులు జత కలుస్తాయి. పగులు సన్నగా ఉన్న నాణెం ముందుది, వెడల్పుగా ఉన్నది తర్వాతిది. ఇలా వరుస తేలుతుంది. ఏడాది తేలదు.

ఆయన పెద్ద నాణెం బరువు సుమారు 17 గ్రాములు. ఒకవైపు చెవులు కప్పే టోపీతో తల. రెండోవైపు బురుజు లాంటి కట్టడం, దాని ముందు నిలబడి నమస్కరిస్తున్న ఆయన, అవతల ధ్వజం. చుట్టూ అరామిక్ లిపిలో పేరు, ‘ఫ్రతరక’ (ప్రాంతీయ పాలకుడు) అనే హోదా. సంవత్సరం లేదు. రాజునని కూడా చెప్పుకోలేదు పాపం, ఆ బిరుదు చీటీ రాసినవారి కానుక.

ఈ ఫ్రతరకుల నాణేల్లో కొన్ని సెల్యూకిడ్ నాణేల మీదే మళ్లీ ముద్ర కొట్టినవి. పాత బొమ్మ పూర్తిగా అణగకపోతే అంచున ఓ అక్షరమో, గడ్డం ముక్కో మిగులుతుంది. దాన్నిబట్టి ‘ఫలానా నాణెం కన్నా ముందుది కాదు’ అని చెప్పొచ్చు. ఎంత తర్వాతిదో చెప్పలేం. అందుకే పండితుల్లో ఒక వర్గం వీళ్లను క్రీ.పూ. మూడో శతాబ్దం మొదట్లో కూర్చోబెడితే, ఇంకో వర్గం సెల్యూకిడ్ రాజు మూడో ఆంటియోకస్ మెగ్నీషియా యుద్ధంలో రోమన్ల చేతిలో ఓడాక, రెండో శతాబ్దంలో కూర్చోబెడుతుంది. తేడా సుమారు వందేళ్లు. చీటీలో 290కీ 280కీ మధ్యనున్న ఆ చిన్న గీత ఆ వందేళ్లనీ మింగేసి త్రేన్చను కూడా త్రేన్చలేదు.

ఈ తగువు తీర్చగలిగేవి లంకెబిందెలు. మన శాతవాహనుల సంగతే చూడండి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌థెంబిలో 13 వేల పైచిలుకు క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేలు బయటపడితే, వాటిలో 9 వేలకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించినవి. ఒక్కచోట పెట్టి లెక్కగట్టారు కాబట్టే ఎవరి డబ్బు ఎవరి చేతికొచ్చిందో కళ్లకు కట్టింది.

ఫార్స్ నాణేల్లో ఎన్నింటికి ఆ భాగ్యం దక్కింది? రాత్రిపూట లోహశోధక యంత్రంతో తవ్వుతారు. కుండ పగలగొట్టి అక్కడే పారేస్తారు. అలెగ్జాండర్ బొమ్మలు ఒకడికి, బగదాతలు ఇంకొకడికి. మెరవాలని ఆమ్లంలో ముంచి, పూజసామాను తోమినట్టు తోముతారు. ఆపైన “పాత యూరోపియన్ సేకరణ నుంచి” అని ఒక్క ముక్క. ఏ ఊరి మట్టి? పక్కన ఏ నాణేలున్నాయి? కాలం చెప్పగలిగిన ఒక్క సాక్షినీ డబ్బు కోసం గొంతు నులిమి, ఆ చేతులతోనే చీటీ మీద తారీఖు రాస్తారా? సిగ్గుండాలి. కొనేవాడికి ఇంకా ఎక్కువ ఉండాలి, ఆ పార పట్టిన కూలికి కూలి ఇస్తున్నది వీడే!

అయినా కొంటాననే మహారాజులు కనీసం తూకమైనా వేయించుకోండి. స్వచ్ఛమైన వెండి సాంద్రత నీటికి 10.5 రెట్లు. అంటే 16.8 గ్రాముల నాణెం దారంతో నీళ్లలో వేలాడదీస్తే 15.2 దగ్గర తూగాలి. బాగా తగ్గితే వెండి చాలదని అర్థం. అంచు చుట్టూ అతుకు గీత, గుంటల్లో సూదిమొన లాంటి రంధ్రాలు కనిపిస్తే అది పోతపోసింది. ఒకే గాటు, ఒకే చోట, రెండు నాణేల మీద ఉంటే రెంటికీ దణ్ణం పెట్టండి. మంచి వెండితో కొత్త అచ్చులు చేసి కొట్టిన నకిలీలు ఈ తూకం నెగ్గేస్తాయి. అప్పుడు దొరికిన చోటేదని వ్యాపారిని అడగండి. జవాబుగా ఇంకాస్త వెలుతురులో తీసిన ఫోటో పంపుతాడు.