దిగులుకు ఇన్‌ఛార్జి

వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. విజయనగరంలో మావాడు చదివే ఇంజినీరింగ్ కాలేజీ ఆ మాటను శిరసావహించి, వర్క్‌షాపు సారుకు ఆ పని కూడా అప్పగించింది. ఇన్నేళ్లుగా లేత్ మిషన్ మీద ఇనుము చెక్కుతున్న మనిషికి కుర్రాళ్ల మనసు ఒక లెక్కా?

కౌన్సెలింగ్ గది కూడా ఉందండోయ్. విరిగిన బెంచీలు పడేసే గదికి కొత్త బోర్డు తగిలించారు. తాళం ఆఫీసులో ఉంటుంది. దిగులేసినవాడు హెచ్‌ఓడీ సంతకంతో అర్జీ పెట్టుకోవాలి, కారణం రాయాలి, నాన్న ఫోన్ నంబరు వేయాలి. ఈ సౌకర్యం వచ్చాక దిగులుందన్నవాడు ఒక్కడూ లేడట. ఏ మందు ఇంత బాగా పనిచేసింది చెప్పండి?

ఆమధ్య 'ఒత్తిడిని జయిద్దాం' అని సదస్సు పెట్టారు, తెల్లారితే మిడ్ ఎగ్జామ్ అనగా. రాకపోతే అటెండెన్సు కోత. పదింటికి రావాల్సిన ముఖ్య అతిథి, సిరిమాను జాతర రోజున గంటస్తంభం దగ్గర ఇరుక్కున్న ఆటోలా, పన్నెండున్నరకు చేరుకున్నారు. తాము కిరసనాయిలు దీపం కింద చదివామనీ, అప్పట్లో ఈ టెన్షన్లే లేవనీ గంటసేపు చెప్పారు. ఆ తర్వాత అందర్నీ గట్టిగా ఊపిరి పీల్చమన్నారు. నాలుగొందల మంది, తిరుగుతున్న ఫ్యాన్లు రెండు. పీల్చారు పాపం. చివర్లో 'మీ ఒత్తిడి తగ్గినదా?' అని ఒక ఫారం. జవాబు ముందే అచ్చేసి ఉంది, సంతకం ఒక్కటే బాకీ.

మావాడికి ఆ వారం రెండు సప్లీలు. పైగా సర్కారు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదు కాబట్టి హాల్‌టికెట్ ఇచ్చేది లేదన్నారు. సారు దగ్గరికెళితే, "కోట చుట్టూ నాలుగు రౌండ్లు నడవరా, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. నాలుగూ నడిచాడు. ఫీజు ఎక్కడా దొరకలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం "ఏటి బాబూ, మొకం అలాగుందేటి? తిన్నావా?" అని అడిగాడట. అతనికి ఇన్‌ఛార్జి ఉత్తర్వులేవీ లేవు కాబట్టి అది కౌన్సెలింగ్ కింద లెక్కకు రాదు.

మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్‌ను కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ పోస్టరునూ నోటీసు బోర్డుకి అంటించారు, కాదనను. దాని మీద ఫీజు గడువు నోటీసు పడి చివరి 16 మూసుకుపోయింది. ఇప్పుడు 144 ఒక్కటే కనబడుతోంది. కాలేజీలో ఆ సెక్షనేదో పెట్టారనుకుని పిల్లలు నలుగురు ఒకచోట నిలబడటం కూడా మానేశారు.