ప్రశ్న విలువ ఎవరు కట్టాలి?

పరిశోధనకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది తోటి నిపుణులే తేలుస్తారు. ప్రపోజల్ చదువుతారు, మార్కులు వేస్తారు, కమిటీలో కూర్చుని చర్చిస్తారు. ఇంతకంటే మంచి పద్ధతి నాకూ కనిపించడం లేదు. అయితే ఆ మార్కుల మీద మనం పెట్టుకున్న నమ్మకం మరీ ఎక్కువ. అమెరికాలో అప్పటికే నిధులు దక్కిన 25 క్యాన్సర్ ప్రపోజళ్లను 43 మంది నిపుణులకు మళ్లీ ఇచ్చి చూశారు. ఒకే ప్రపోజల్‌పై ఒకరి మార్కులకూ ఇంకొకరి మార్కులకూ దాదాపు పొంతన లేదని 2018లో తేల్చారు.

గోదావరి డెల్టాకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి వరి పరిశోధన చిన్న లోకం. రివ్యూయర్ దరఖాస్తుదారుడికి గురువో, పోటీదారుడో అయి ఉండొచ్చు. అందుకే బయటివారికి పంపడం న్యాయం. కానీ సముద్రం పోటు మీదున్నప్పుడు కోనసీమ శివారు భూముల్లో మురుగు కాలువ నీరు ఎలా ఎగదన్నుతుందో బయటివారికి తెలియదు. 2022లో అక్కడి రైతులు పంట విరామం అన్నప్పుడు చెప్పిన కారణాల్లో పూడిన డ్రెయిన్లు ఒకటి. ఆ నీటిని ఏళ్ల తరబడి కొలుస్తామని ఎవరైనా రాస్తే 'కొత్తదనం లేదు' అని పక్కన పెట్టడం చాలా తేలిక.

ఈ డెల్టాలోనే ఉన్న మార్టేరు వరి పరిశోధనా స్థానం స్వర్ణ అనే వరి రకాన్ని 1982లో విడుదల చేసింది. అది ఎంత మంచి వరైనా ముంపులో రోజుల తరబడి ఉంటే చచ్చిపోయేది. ఒడిశా రైతుల పాత రకంలోని ముంపును తట్టుకునే గుణాన్ని చేర్చిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో వచ్చింది. అది దాదాపు రెండు వారాలు నీట మునిగినా తేరుకుంటుంది. మధ్యలో 27 ఏళ్లు! మూడేళ్ల ప్రాజెక్టును తూచే తక్కెడలో ఇలాంటి ఓపికకు చోటెక్కడ?

న్యూజిలాండ్‌లో కొన్ని ఆరోగ్య గ్రాంట్లకు, అర్హత ఉన్నవాటిలోంచి లాటరీ తీస్తూ వచ్చారు. నిజాయితీ గల పద్ధతే, కానీ డెల్టాకు అది చాలదు. నేను అడిగేది మార్కులను రెండుగా విడదీయమని. పరిశోధన పద్ధతి సరైనదా అన్నది దూరపు నిపుణులు చెప్పాలి. పరిశోధన అడిగే ప్రశ్న అవసరమా అన్నదానికి డ్రెయిన్ల ఇంజినీరూ, సార్వాలో (ఖరీఫ్‌లో) చేను మునిగిన రైతూ మార్కులు వేయాలి. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలి. ఏ మార్కు ఎక్కడ తగ్గిందో తెలిస్తేనే యువ శాస్త్రవేత్త వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టగలడు.