512 బైట్ల కోడిపిల్ల

మావారి ఆఫీసు లాప్‌టాప్‌లో 16 జీబీ మెమరీ ఉంది. అది చాలక చచ్చేంత నెమ్మదిగా నడుస్తోందని రోజూ విసుక్కుంటారు. అదే మనిషి రాత్రి భోజనం కాగానే, మొత్తం 512 బైట్ల మెమరీ, అంటే ఓ అయిదొందల ఇంగ్లీషు అక్షరాలు పట్టేంత జాగా ఉన్న చిప్పు ముందు కూర్చుని "ఇవాళ పదకొండు బైట్లు మిగిల్చాను తెలుసా!" అని మురిసిపోతారు. కంచం నిండా వడ్డించేవాళ్ళు ఉండగా కావాలని ఒంటిపూట ఉండేవాళ్ళుంటారే, ఒక్కో బైటూ లెక్కపెట్టుకుంటూ చిప్పుకి నేరుగా పని చెప్పే ఈ లో లెవెల్ ప్రోగ్రామింగ్ సరదా అలాంటిదే. పుణ్యం సంగతి నాకు తెలియదు కానీ నీరసం మాత్రం ఇంట్లో అందరికీ వస్తుంది.

ఆ చిప్పు పేరు ఏటీటైనీ85. వేలిగోరంత ఉంటుంది, తీగలు తగిలించడానికి ఎనిమిది లోహపు కాళ్ళు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి దాన్నీ, ఓ చిన్న తెరనీ, ఓ బజర్‌నీ, రెండు బటన్లనీ కొనుక్కొచ్చారు. వస్తూ వస్తూ తెమ్మన్న కొత్తిమీర మాత్రం మర్చిపోయారు. వాషింగ్ మెషిన్‌తో వచ్చిన నాలుగు పేజీల కాగితం ఈరోజుకీ విప్పని మనిషి, ఈ చిప్పు డేటాషీట్, అంటే అది పనిచేసే తీరు చెప్పే పుస్తకం, రెండొందల పైచిలుకు పేజీలు మంచం మీద బోర్లా పడుకుని చదివారు.

ఇంతా చేసి ఆయన చేయబోయేది ఓ కోడిపిల్ల ఆట. 1996 నవంబరులో జపాన్‌లో బందాయ్ కంపెనీ టమగోచీ అని గుడ్డు ఆకారంలో ఓ బొమ్మ తెచ్చింది. మూడు బటన్లు, లోపల నాలుగు బిట్ల చిన్నపాటి చిప్పు, అడ్డంగా 32, నిలువుగా 16 చుక్కల తెర. అందులో ఓ జీవి పుడుతుంది. తిండి పెట్టాలి, శుభ్రం చేయాలి, పట్టించుకోకపోతే పోతుంది. ఈ పిచ్చి ఎంతదాకా వెళ్ళిందంటే, లక్షలకొద్దీ పనిగంటల్ని లేని జంతువుల పెంపకానికి మళ్ళించినందుకు దాని సృష్టికర్తలు అకీ మైతా, అకిహిరో యొకోయ్‌లకి 1997లో ఆర్థికశాస్త్రంలో ఇగ్ నోబెల్ ఇచ్చారు. అది వేళాకోళపు బహుమతి. మావారు దాన్ని గొప్పగా చదివి వినిపించారు, అందులో వెటకారం ఉందని ఆయనకి తట్టినట్టు లేదు.

కోడిపిల్ల బొమ్మ మా అమ్మాయి గళ్ళ నోటుబుక్కులో గీసింది. ముద్దుగా ఉంది. ఆ గళ్ళని ఒకట్లు, సున్నాలు చేసి చిప్పులోకి ఎక్కించే పని వాళ్ళ నాన్నది. అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. తెర మీద అడ్డంగా 128, నిలువుగా 64 చుక్కలు. బైటుకి ఎనిమిది చుక్కల చొప్పున అన్నీ గుర్తుంచుకోవాలంటే 1,024 బైట్లు కావాలి. చిప్పులో ఉన్నది అందులో సగం. అందుకని తెరని ఎనిమిది పట్టీలు చేసి, ఒక్కో పట్టీ గీసి పంపించాలట. దానికితోడు ఆ తెర ఒక్కో బైటునీ నిలువుగా ఎనిమిది చుక్కలుగా నిలబెడుతుంది. మావారు మాత్రం అమ్మాయి గళ్ళని అడ్డంగా చదువుతూ ఎక్కించేశారు.

అందరినీ పిలిచి స్విచ్ వేశారు. ముక్కు ఒకచోట, కాలు ఇంకోచోట, మధ్యలో రెక్క ముక్కలు. మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు.

"పుట్టీ పుట్టకుండానే ముక్కలు కొట్టేశావేంట్రా?"

అమ్మాయి ఏడుపు లంకించుకుంది. మర్నాటికి ముక్కలు అతుక్కుని కోడిపిల్ల నిలబడింది. నిజం చెప్పొద్దూ, బాగుంది. అటూ ఇటూ గెంతుతుంది, కళ్ళార్పుతుంది, ఆకలేస్తే కీచుమంటుంది. ఒక బటన్ మేతకి, రెండోది దీపం ఆర్పి నిద్రపుచ్చడానికి. సృష్టికర్త ఆఫీసుకి, చిత్రకారిణి బడికి వెళ్ళిపోతే, పెంపకం సహజంగానే ఇంట్లో ఉన్నవాళ్ళ మీద పడింది.

అత్తయ్యది కోనసీమ. పుట్టినప్పట్నుంచీ పెరట్లో కోళ్ళ మధ్య తిరిగిన మనిషి. మేత బటన్ నొక్కితే తెర మీద ఒక్క గింజ పడటం ఆవిడకి నచ్చలేదు. "ఒక్క గింజ ఏ మూలకి?" అని గబగబా నాలుగైదుసార్లు నొక్కారు. కోడిపిల్ల తింది. ఇంకా తింది. చటుక్కున వెల్లకిలా పడి కాళ్ళు పైకి పెట్టేసింది. పక్కనే ఖాళీ గిన్నె బొమ్మ వచ్చింది. మావారి లెక్కలో ఖాళీ గిన్నె అంటే ఆకలిచావు.

సాయంత్రం పంచాయితీ పెట్టారు.

"నువ్వు ఎక్కువ నొక్కేసి ఉంటావమ్మా."

"ఎక్కువ తిని చచ్చిందను, ఒప్పుకుంటాను. నా చేతి మేత తిని ఆకలితో చచ్చిందంటే, ఊళ్ళో నా పరువేం కాను?"

పాయింటే. ఆ రాత్రి పన్నెండింటి దాకా పోస్టుమార్టం జరిగింది. తేలిందేమిటంటే, బటన్ లోపలి రేకు ఒక్కసారి నొక్కినా తగిలి, ఎగిరి, మళ్ళీ తగులుతుంది. కొన్ని మిల్లీసెకన్ల వ్యవహారం, మన వేలికి తెలియదు. సెకనుకి పది లక్షల టిక్కులు కొట్టే చిప్పుకి మాత్రం ప్రతి ఎగురూ ఒక లెక్కే. అత్తయ్య వేసింది నాలుగైదు గింజలయితే, పిల్ల మింగింది బోలెడు. అది మొదటి నేరం.

రెండోది అసలైనది. ఆకలి ఒక బైటులో ఉంటుంది, అంటే సున్నా నుంచి 255 దాకా. గింజ పడ్డప్పుడల్లా పది తగ్గుతుంది, రెండొందలు దాటితే ప్రాణం పోతుంది. కడుపు నిండి ఆకలి మూడుకి వచ్చినప్పుడు ఇంకో గింజ పడింది. మూడులోంచి పది తీసేయమంటే, సున్నా కిందికి దిగడం తెలియని బైటు సున్నా దాటగానే 255కి ఎగిరి, అక్కణ్ణుంచి దిగుతూ 249 దగ్గర తేలింది. పిల్ల పూర్తిగా కడుపు నిండిన క్షణంలోనే ఘోరమైన ఆకలితో పోయింది. రెండొందల పేజీలు చదివినాయన, మూడులోంచి పది పోదన్న ఒకటో తరగతి లెక్క దగ్గర బోల్తాపడ్డారు. ఆకలి పదికంటే తక్కువుంటే నేరుగా సున్నా చేసెయ్యమని ఓ లైను రాశారు, బటన్‌కి కాసేపు ఆగి చూడమని ఇంకో లైను. పిల్ల బతికింది.

బతికి, పెరిగి, పుంజయింది. పొద్దున్నే అయిదింటికి కూసేలా పెట్టారు. కార్తీకమాసం కావడంతో అత్తయ్య ఎంతో సంతోషించి దాన్ని తలగడ పక్కన పెట్టుకున్నారు. మర్నాడది నాలుగింటికి కూసింది. "తెల్లారకట్ల స్నానం ఇంకా మంచిది" అన్నారు. ఆ తర్వాత మూడింటికి. "చలికాలం కదా, పొద్దు తెలియదు" అన్నారు. మా ఇంటి గోడ గడియారం కంటే ఆవిడకి కోడి మీదే నమ్మకం.

ఓ రాత్రి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే వాచ్‌మన్, చేతిలో కర్ర, మొహంలో నెత్తురుచుక్క లేదు. "మేడమ్, మెట్ల దగ్గర ఎవరో తెల్లచీరలో..." వెనకాల మా అత్తయ్య. తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని, గుమ్మంలో నీళ్ళు చల్లి, ఎనిమిది చుక్కల ముగ్గు సగం వేసి ఉన్నారు. టైము ఒంటిగంటన్నర.

ఆ చిప్పు లోపలి గడియారం పది శాతం దాకా అటూ ఇటూ తిరగొచ్చని డేటాషీట్‌లోనే ఉందట. మాది నాలుగు శాతం తొందరపడింది, అంటే రోజుకి సుమారు గంట. చేతి గడియారాల్లో ఉండేలాంటి క్వార్ట్జ్ క్రిస్టల్ పెడితే కుదురుగా నడుస్తుంది, కానీ దానికి రెండు కాళ్ళు కావాలి. ఎనిమిదిలో రెండు కరెంటుకి, రెండు తెరకి, ఒకటి కూతకి, ఒకటి రీసెట్‌కి, మిగతా రెండూ బటన్లకి పోయాయి. క్రిస్టల్ పెడితే మేత ఉండదు, మేత ఉంటే టైము ఉండదు. చివరికి మావారు సెల్‌ఫోన్ గడియారం పక్కన పెట్టుకుని, చిప్పులో గడియారపు వేగాన్ని కాస్త కాస్త తగ్గిస్తూ దారికి తెచ్చారు.

అంతా కుదుటపడ్డాక, మొన్న చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తయ్య అడిగారు.

"ఒరేయ్, ఇది పుంజు. గుడ్డు పెట్టదు. మనూళ్ళో అయితే సంక్రాంతికి బరిలోకి దింపేవాళ్ళు. ఇక్కడ ఊరికే మేపి ఏం చేస్తారు? కోసి పులుసు పెట్టే బటన్ ఒకటి పెట్టు."

అమ్మాయి చెవులు మూసుకుని లోపలికి పారిపోయింది. మావారు మాత్రం ఆ మాటని సీరియస్‌గానే తీసుకుని చిప్పు వంక చూశారు.

"ఇంకో బటన్‌కి కాలు ఖాళీ లేదమ్మా."

"రెండు కాళ్ళ కోడికి ఎనిమిది కాళ్ళిచ్చి, ఇంకా చాల్లేదంటావేంట్రా?" అని ఆవిడ ఈనెలన్నీ ఏరి ఆయన డేటాషీట్ మీద పోశారు.