కిటుకంతా ఊపిరి వదలడంలోనే

పనిలో టెన్షన్ వస్తే గట్టిగా ఊపిరి పీల్చుకోమని చాలామంది చెబుతుంటారు, మంచిదే, కానీ అసలు కిటుకు వదలడంలో ఉందండి. నేను బ్యాంకు కౌంటర్‌లో క్యాష్ చూస్తాను. ఒకటో తారీఖున పింఛన్ల క్యూ గుమ్మం దాటిపోతుంది, సర్వర్ ఆగిపోతుంది, అందరూ నా మీదే అరుస్తారు, వేళ్లు వణికి నోట్ల లెక్క తప్పేది. ఇప్పుడు కట్ట పక్కన పెట్టి, ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా పీల్చి, 6 లెక్కపెట్టేదాకా మెల్లగా వదులుతాను, అలా ఐదారుసార్లు, కళ్లు కూడా మూసుకోను కాబట్టి ఎదుటివాళ్లకి తెలియదు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నాడి వల్ల గుండె వేగం తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. గబగబా లోతుగా పీలిస్తే మాత్రం తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మొదట్లో నాకు అదే అయింది. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా ఊపిరి బిగబట్టే కుంభకం జోలికి వెళ్లకండి.